మొండి మరక

"మళ్ళీ నురగే!" కూతురు తొట్టి చివర పట్టిన నీళ్ళ సీసాను కుదిపి చూసి, విసురుగా కింద పెట్టింది.

లాండ్రీ మేడ మీద, తొట్టిలో పరిచిన గాజుపలకల మీదుగా సబ్బునీళ్ళు మెల్లగా పారుతున్నాయి. పలకలకు తను పూసిన మందు, ఎండ తగలగానే ఆ సబ్బును విరిచెయ్యాలి. కాలేజీలో విరిచింది. ఇక్కడేమో రోజురోజుకీ నీరుగారిపోతోంది. ఇంకోసారి కాలవలో నురగ కనిపిస్తే లాండ్రీకి తాళం వేస్తామని అధికారులు చెప్పి వెళ్ళారు.

"కాస్త ఓపిక పట్టమ్మా," అన్నాడు తండ్రి.

"నీకేం నాన్నా, ఎన్నైనా చెప్తావు! నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరైంది. రేపే ఇదంతా పీకి పారేస్తా."

తండ్రి మొహం చిన్నబోయింది. "అంత మాటనకు. నేనూ ఊరికే కూచోలేదు. రోజూ నువ్వు లేచేలోపే వచ్చి, ఆ గాజుకి పట్టిన తెల్లమరకని పీచుతో రుద్ది రుద్ది వదిలిస్తున్నా. గాజు శుభ్రంగా ఉంటేనే కదా ఎండ తగిలేది!"

ఆమె గబగబా తొట్టిలోకి తొంగిచూసింది. పలకలు తళతళలాడుతున్నాయి.

"నాన్నా... ఆ తెలుపే మందు."

"మరి చెప్పవేం?"

నాన్నకేం అర్థమవుతుందిలే అని తనే చెప్పలేదు.

తండ్రి చర్మం లేచిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"గట్టి మందే చేశావు తల్లీ. ఇన్నేళ్ళుగా బట్టలుతుకుతున్నా గానీ, ఇంత మొండి మరకని నేనెప్పుడూ చూళ్ళేదు."