జంటలో రెండో మనిషి

రాగిణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నిద్రపోతున్న పిల్లాడు ఊపిరి తీయడం మానేస్తాడేమోనని.

లేనిపోని భయం కాదది. అంతకుముందు కాపురమున్న బాతెల్ ఊళ్ళో తొలిచూలు బిడ్డ దేదీప్య అలాగే పోయింది. పాలు తాగి పడుకున్న పసిది మళ్ళీ లేవలేదు. ఎందుకో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు.

సాత్విక్ పుట్టాక ఆ ఇంట్లో మరీ ఉండలేకపోయారు. భర్త ఫణికుమార్ అలాస్కా కొసన, మంచు పరిశోధనా కేంద్రంలో ఒక శీతాకాలం పనికి ఒప్పుకున్నాడు. నవంబరులో కుంకిన సూర్యుడు జనవరి చివరికి గానీ మళ్ళీ కనిపించని చోటు అది.

దిగిన రోజే అక్కడి డాక్టరు హెలెన్ అందరినీ కూర్చోబెట్టింది. చీకటి నెలల్లో మనుషులు తమకు తెలియకుండానే కుంగిపోతారట. అందుకని ఇద్దరిద్దరిని జంట చేస్తారు. జంటలోవాళ్ళు రోజూ ఒకరి ముఖం ఒకరు చూసి, బాగోగులు కనుక్కోవాలి.

రాగిణికి జంటగా పడ్డది సూర్యప్రకాశరావు. జుట్టు నెరిసేదాకా మంచు మీదే పనిచేసిన శాస్త్రవేత్త. వీళ్ళు కాక అక్కడున్న ఒకే ఒక్క తెలుగు మనిషి.

"ఇంటర్‌తో ఆపేసినదాన్ని. ఇంతమంది పీహెచ్‌డీల మధ్య ఏమైపోతానోనని కాపలా పెట్టారు," అంది భర్తతో.

"కాపలా ఏంటే? అందరికీ ఉందిగా."

"మీకేమో మీ ఈడువాణ్ణి పెట్టారు. నాకేమో తాతగారిని!"

మర్నాటి నుంచి మధ్యాహ్నం వేళ తలుపు చప్పుడయ్యేది.

"ఏవమ్మా, తిన్నావా?"

"తిన్నా అంకుల్."

"ఏం తిన్నావ్?"

"అన్నం."

"అందులోకి?"

"పెరుగు."

"నిన్నా పెరుగే, మొన్నా పెరుగే. లోపల గేదెను గానీ కట్టేశావా?"

రాగిణి నవ్వలేదు. ఆరాలు తీసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఒకరోజు ఆయన వచ్చేసరికి ఆమె పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది తల్లీ?"

అంతే. దేదీప్య సంగతంతా ఏడుస్తూ చెప్పేసింది.

ఆయన ఓదార్పు మాటలేవీ అనలేదు. బూట్లు విప్పి, కుర్చీ లాక్కుని ఉయ్యాల పక్కన కూర్చున్నాడు.

"వీడి పొట్ట పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా? అది చూడ్డమే నా డ్యూటీ. వెళ్ళి పడుకో."

"మీకు పనుందేమో అంకుల్."

"మంచేగా. ఎక్కడికీ పోదు."

"మీరు కునుకు తీయరు కదా?"

"తీస్తే చెవి మెలిపెట్టు."

ఆ మధ్యాహ్నం రాగిణి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచి పరిగెత్తుకొచ్చి చూస్తే, ఆయన రెప్ప వేయకుండా పిల్లాడి పొట్టనే చూస్తున్నాడు.

ఇక రోజూ అదే. నెల తిరిగేసరికి రాగిణి పిల్లాడికి నీళ్ళు పోస్తూ కూనిరాగాలు తీయసాగింది. దేదీప్య పేరు ఏడవకుండా పలకగలిగింది.

కాఫీ ఇస్తే ఆయన తాగేవాడు. అన్నం పెడతానంటే వద్దనేవాడు. పెద్దాయన్ని బలవంతం ఏం చేస్తాంలే అని ఆమె ఊరుకునేది.

జనవరిలో ఒకరోజు ఆయన రాలేదు.

పనిలో ఉన్నాడేమో అనుకుంది. పిల్లాణ్ణి పడుకోబెట్టి, తనూ పక్కన ఒరిగి, భయం లేకుండా నిద్రపోయింది. కాపలా లేకుండా అలా పడుకోగలగడం అదే మొదలు. రేపు అంకుల్‌కి గొప్పగా చెప్పుకోవాలనుకుంది.

సాయంత్రం ఫణికుమార్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనక హెలెన్.

"సూర్యప్రకాశరావుగారు చనిపోయారు రాగిణీ. గుండె ఆగిపోయిందట. గదిలో కుర్చీలోనే..."

రాగిణి ఉయ్యాల పక్కన, రోజూ ఆయన కూర్చునే కుర్చీలో కూర్చుంది.

హెలెన్ ఎదురుగా కూర్చుని, అర్థమయ్యేలా మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

"ఈ వారం ఆయన ఎలా ఉన్నారు? సరిగ్గా తిన్నారా? మందులు వేసుకున్నారా?"

"నాకెలా తెలుస్తుంది? నన్ను చూసుకోవడానికి కదా ఆయన్ని పెట్టారు?"

హెలెన్ తల అడ్డంగా ఊపింది.

"కాదమ్మా. వేసవిలో ఆయన భార్య పోయారు. తిండీ మందులూ వదిలేశారు. ఇంటికి వెళ్ళమంటే, అక్కడెవరున్నారు అన్నారు. మీవారు చెప్పారు, బిడ్డను పోగొట్టుకుని కూడా ఇంకో బిడ్డ కోసం నిలబడ్డ మనిషివి నువ్వు. నీ పక్కనుంటే ఆయనకూ బతకాలనిపిస్తుందని నీకు జంట చేశాను."

"ఆ మాట నాకు చెప్పలేదే!"

"జాలిపడతావని ఆయనే చెప్పనివ్వలేదు. నేనెప్పుడు అడిగినా ఒకటే మాట. 'రాగిణి ఉందిగా, దగ్గర కూర్చుని తినిపిస్తోంది, మందులు తనే వేస్తోంది' అనేవారు."

ఇన్నాళ్ళలో ఒక్కసారైనా రాగిణి ఆయన్ని, ఎలా ఉన్నారు అంకుల్ అని అడగలేదు.

మీ బాగోగులు కనుక్కునే మనిషి మీకూ ఒకరు ఉండే ఉంటారు. దయచేసి ఇవాళే వెళ్ళి, వాళ్ళెలా ఉన్నారో చూసి రండి.