ఏడో పాయింట్ బుడగలు

"కదలకండి. మాట్లాడకండి" అంది అక్క, పడవ అంచు మీద వంగి.

రిజర్వాయర్‌లో వాళ్ళు గ్యాస్ కొలిచే ఏడో పాయింట్ ఒడ్డుకు దగ్గరే. అక్కడ నీళ్ళలోంచి బుడగలు వస్తున్నాయి. ఒక గుత్తి, కాస్త ఆగి మరో గుత్తి. అడుగున మునిగిపోయిన చెట్లు కుళ్ళి వదిలే మీథేన్ ఇలాగే పైకొస్తుంది. పడవ ఊగితే బురద కదిలి లెక్క తప్పుతుంది. అందుకే బుడగలు కనబడితే బొమ్మల్లా కూర్చోవాలి. వాళ్ళ పనిలో మొదటి నియమం అది.

అక్క గరాటాను నీళ్ళలో బోర్లించి పట్టుకుంది. దాని కొసనున్న సీసాలోకి గ్యాస్ చేరుతోంది. పదకొండు నిమిషాలకు బుడగలు ఆగిపోయాయి.

"మూడేళ్ళలో ఇంత ఎప్పుడూ రాలేదు!" అంది.

"అయితే మన ప్రాజెక్టు గట్టెక్కినట్టేనమ్మా" అన్నాడు పడవాయన.

నవ్వబోయిన ఆమె మొహం వాడిపోయింది. ఈ మాట మొదట చెప్పాల్సింది తమ్ముడికి. వాడు లేడు.

ఆఫీసులో అందరికీ ఆమె అక్కే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని అడుక్కి దిగి, గరాటాలకు బరువులు కట్టేది వాడే. నిన్న ఇక్కడి గరాటా ముడి ఊడి కొట్టుకుపోయింది. నెల రోజుల పని నీళ్ళపాలు. ఆమెకు ఒళ్ళు మండింది. అందరి ముందూ అనేసింది.

"ఒక్క ముడి సరిగ్గా వేయడం చేతకాదు! నా కంటికి కనబడకు, ఫో!"

వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. ఈ పొద్దున్న చూస్తే గది ఖాళీ. ఫోన్ ఎత్తడం లేదు.

ఒడ్డుకు రాగానే అమ్మకు ఫోన్ చేసింది.

"ఇక్కడికి రాలేదే" అంది అమ్మ.

చిన్నప్పటి నుంచీ అంతే. వాడు అలిగి తన దగ్గర చేరితే, లేడని చెప్పి అమ్మ వెనకేసుకొస్తుంది.

"నీ పక్కనే ఉన్నాడని నాకు తెలుసులే. నోరు జారానని చెప్పు. రమ్మని చెప్పవే అమ్మా" అంటూ అక్క ఏడ్చేసింది.

మర్నాటికి వాడి ఫోన్ స్విచాఫ్ అయింది. అయినా మెసేజ్‌లు పెడుతూనే ఉంది. 'ఒరేయ్ మొద్దూ, తప్పు నాదేరా. నువ్వు లేకపోతే చెయ్యి విరిగినట్టుంది.'

నాలుగో రోజు ల్యాబ్ నుంచి కెమిస్టు ఫోన్ చేశాడు.

"మేడం, ఏడో పాయింట్ సీసాలో మీథేన్ జాడే లేదు. ఆక్సిజన్ పదహారు శాతం, కార్బన్ డయాక్సైడ్ నాలుగు. బురదలోంచి ఆక్సిజన్ రాదు కదండీ. అలాగని బయటి గాలీ కాదు. నా బుర్ర వేడెక్కిపోతోంది. ఏం పట్టారో మీరే చెప్పాలి."

ఆమె ఫోన్ పెట్టేసింది. స్టోర్ గదికి పరుగెత్తింది. దాని తాళంచెవి ఎప్పుడూ తమ్ముడి దగ్గరే. నాలుగు రోజులుగా ఎవరూ తెరవలేదు. వాచ్‌మన్ తాళం పగలగొట్టాడు. గోడకి మూడు సిలిండర్లు ఉండాలి. రెండే ఉన్నాయి. కొత్త గరాటా ఒకటి లేదు.

ఆ రోజు అక్క కదలకుండా, మెదలకుండా పదకొండు నిమిషాలు సీసాలోకి పట్టింది, ఏడో పాయింట్ అడుగున చెట్టుకొమ్మల్లో ఇరుక్కుపోయిన తమ్ముడి ఆఖరి ఊపిరి.