అన్నయ్య పూచీ

"ఒరే డెల్బర్ట్, ఆగరా! ఆ బోను ఒక్కడివే ఎత్తకు!"

చుక్కాని దగ్గర్నుంచి ఎల్వుడ్ పెట్టిన కేకకి పక్క పడవలవాళ్లు కూడా తలలు తిప్పారు. ఒక చెయ్యి చుక్కాని మీద, రెండోది ఎప్పటిలాగే ప్యాంటు జేబులో.

కెనడాలోని నోవా స్కోషియా తీరంలో లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల వేట మొదలయ్యే రోజు అది. తెల్లవారుతూనే పడవలన్నీ, నీళ్లలోకి దించాల్సిన ఖాళీ బోనులు నింపుకుని ఒక్కసారిగా సముద్రం మీద పడ్డాయి. మంచి చోటు ముందు చేరినవాడిదే. డెల్బర్ట్ ఒంట్లో హుషారు ఆగడం లేదు.

"నేనెత్తకపోతే అవే దూకుతాయా అన్నయ్యా?"

"గజ్జల్లో లాగుతోందేమో చూసుకో!"

"లేదు మొర్రో!"

"ఏదీ, ఓసారి దగ్గు!"

"పెదనాన్నా, నాన్నని పని చేసుకోనిస్తావా లేదా?" డెల్బర్ట్ కూతురు రోండా విసుక్కుంది. "ఏటా ఇదే గోల. కోసిన డాక్టరు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు."

నిజమే. పదేళ్ల కిందట హెర్నియా ముదిరినప్పుడు డెల్బర్ట్, కత్తంటే హడలిపోయి, పడవలో తన వాటా అమ్మేస్తానన్నాడు. ధైర్యం చెప్పింది ఎల్వుడే. "చిన్న చిన్న రంధ్రాలు పెట్టి లోపల ఓ వల పరుస్తారు, అంతేరా. నేనెప్పుడో చేయించుకున్నా. గుండ్రాయిలా లేనూ?"

ఆ మాట మీదే డెల్బర్ట్ ఆపరేషన్ బల్ల ఎక్కాడు. కానీ ఏళ్లు గడిచాక మళ్లీ ఉబ్బుతుందని రేవులో ఎవరో అన్నారు. అప్పట్నుంచీ అన్నదమ్ములిద్దరికీ అదే బెంగ. ఉబ్బిందంటే డెల్బర్ట్‌కి ఇక సముద్రం లేనట్టే.

ఇంతలో పెద్ద అల కొట్టింది. బోనుల దొంతర ఒరిగింది. అన్నిటికన్నా బరువైన బోను జారి రోండా కాలి మీద పడింది.

"నాన్నా!"

డెల్బర్ట్ ముందూవెనకా చూడలేదు. తడి బోనుని ఒక్కడే ఎత్తి, గిరాటేసినట్టు సముద్రంలో పడేశాడు. రోండా కాలు కదిపి చూసుకుంది. ఏమీ కాలేదు.

ఎల్వుడ్ ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చాడు. "నొప్పుందా? వాపుందా? తడిమి చూడరా!"

డెల్బర్ట్ తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. "ఏమీ లేదన్నయ్యా! పదేళ్లయినా చెక్కు చెదర్లేదు!"

రోండా తండ్రిని వాటేసుకుని గంతులేసింది. డెల్బర్ట్ అన్న చేతులు పట్టుకున్నాడు. "ఆ రోజు నీ మాట వినకపోయుంటే ఏమైపోయేవాణ్ణో!"

ఎల్వుడ్ గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"హమ్మయ్య, ఇక నేనూ ఆపరేషన్ చేయించుకుంటానురా!"