ఎర్రజుట్టు పిల్ల

భవానీపూర్ మలుపులో మల్లేశుని గుద్దేసిన తెల్లకారు ఆగలేదు. బళ్ల మధ్యలోకి జారుకుంది.

అన్న గవరయ్య పరుగెత్తుకొచ్చి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. లుంగీ అంతా నెత్తురు.

"ఓ చెయ్యెయ్యండి దాదా! టాక్సీ ఎక్కిద్దాం!"

చేతులైతే లేచాయి. చేతికో ఫోను.

ఒకడు వంగి మరీ మల్లేశు మొహం తీశాడు. "కాస్త జరుగు దాదా, నీ నీడ పడుతోంది."

గవరయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడి తల నేలకానించి లేచాడు.

పక్కనే జుట్టుకి ఎర్రరంగేసుకున్న పిల్ల. చిరుగుల ప్యాంటు. గవరయ్య కంటికి ఆమె చేతిలో ఫోనొక్కటే కనబడింది.

"నీకూ తమాషాయేటే గుంటా!"

లాక్కుని రోడ్డుకేసి కొట్టాడు. వెనకొచ్చిన మినీబస్సు చక్రం దాన్ని పిండి చేసి పోయింది.

"కాకూ, నా మాట..." అంది ఆ పిల్ల, బాబాయిని బతిమాలినట్టు.

"ఫో! సిగ్గులేని బతుకు!"

"భలే చేశావు దాదా!" అన్నారు జనం, అది కూడా ఫోన్లలో తీస్తూనే. ఆ పిల్లని అవతలికి తోసేశారు.

ఆసుపత్రి గుమ్మం ఎక్కకముందే మల్లేశు పోయాడు.

ఆ కబురు మరదలికి గవరయ్య చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పలలక్ష్మి అప్పటికే ఫోనులో చూసేసింది. మొగుడి నెత్తుటి మొహం, కింద దీపం బొమ్మ, వెనకాల ఏడుపు పాట. ఎవడో పెట్టాడు, ఊరంతా పంచింది.

"ఆ కారోడు దొరకాల బావా," అంది. అదొక్కటే అడిగింది.

మర్నాడు ఇద్దరూ ఠాణాకెళ్లారు. దారోగా గవరయ్యని చూడగానే గుర్తుపట్టాడు.

"వీడియోలో ఉంది నువ్వే కదూ? అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారు. ఆ పిల్లని తిట్టనివాడు లేడు. నెట్లో ఖాతా మూసుకుని ఎటో పోయిందట."

"పోనీ బాబూ, బుద్ధొస్తాది. మా కారు సంగతేటి?"

"నంబరు కావాలయ్యా. అక్కడ కెమెరా లేదు. జనం తీసిన ఫొటోలు బోలెడు తెప్పించాం. అన్నిట్లోనూ నీ తమ్ముడి మొహమే."

అప్పలలక్ష్మి చెయ్యి చాచింది. "ఆ ఈడియో ఓపాలి సూపించండి బాబూ. మా ఆయన్ని సూసుకుంతాను."

చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ చూసింది.

"బావా, ఈ గుంట ఫోను ఎటేపున్నాది?"

గవరయ్య వంగి చూశాడు.

అందరి ఫోన్లూ మల్లేశు మీదకి వంగి ఉంటే, ఎర్రజుట్టు పిల్ల ఒక్కతే రోడ్డుకేసి తిరిగి, దూరంగా బళ్ల వెనక ఇరుక్కుని చుక్కలా కనబడుతున్న తెల్లకారుకి ఫోను గురిపెట్టి నిలబడి ఉంది. ఆ ఫోను మీదకి గవరయ్య చెయ్యి లేస్తోంది.