వడ్రంగిపిట్టను అడగాల్సిన మాట

ఒకానొక అడవిలో, తొలకరి మబ్బులు కమ్ముకొస్తున్న రోజుల్లో, ఒక గోరింకకు గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. తొర్ర తానే తొలుచుకుంటానని పంతం పట్టి ఎండిన బూరుగుమాను మీద పడింది. మొదటి జల్లుకే ఆ తొర్ర కాస్తా నీళ్ల కుండయింది.

"వడ్రంగిపిట్టను అడగరాదూ వదినా?" అంది పక్కకొమ్మ చిలుక.

"ఒకరు తొలిచిన ఇంట్లో ఉండటానికి నాకేం ముక్కు లేదా?"

"ఉంది తల్లీ, వాగడానికి."

గోరింక చిన్నబోయినా, గుడ్లు ఆగవు కదా. వడ్రంగిపిట్ట దగ్గరకెళ్లి, "మామా, ఆ మద్దిచెట్టుకు పడమటి పక్కన, కొమ్మ కింద ఒక తొర్ర తొలిచిపెట్టు" అంది.

వడ్రంగిపిట్ట కదల్లేదు. "నీకు కావలసింది పడమటి తొర్రా, తడవని గుడ్లా?"

"తడవని గుడ్లే."

"అయితే ఆ మాటే అడుగు. చెట్టూ దిక్కూ గాలిని చూసి నేను తేలుస్తా."

గోరింకకు పంతం పోయి కుతూహలం పుట్టింది. "మరి గుడ్లగూబ అడిగితే?"

"దాని మొహం పట్టేంత వాకిలి పెడతా."

"మునుముందు గాలి దిక్కు తిరిగితే?"

"నీ పిల్లల పిల్లలకు ఇంకోచోట తొలుస్తా. తొర్ర ఎక్కడికి మారినా, పొదగడం మాత్రం మీరెవరూ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు."

గోరింక ఆ మాటే అడిగింది; వడ్రంగిపిట్ట తనకు తోచిన చోట తొర్ర తొలిచిపెడితే అందులో గుడ్లు పెట్టింది. ఆ వారమంతా వాన దంచికొట్టింది. తెరిపివ్వగానే చిలుక వచ్చి, "ఇంతకీ నీ వాకిలి ఏ దిక్కే?" అని అడిగింది.

గోరింక రెక్కలు సర్దుకుని గుడ్లను ఇంకాస్త కప్పుకుంది. "నేను చూసుకోలేదు వదినా. ఇవి మాత్రం వెచ్చగా ఉన్నాయి."