ఆఖరి చోటు

“అటెక్కడికే ఎల్తన్నావు? మనోళ్లంతా ఇక్కడుంటే!” ద్రాక్షరసం గిన్నె పట్టుకున్న ఎలియాజరు మనవరాలిని ఆపాడు.

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అదే గిన్నెలో తాగుతున్నారు. సుజి తన మోచేతి మీద కొత్తగా వచ్చిన తెల్లమచ్చ చూపించింది.

“ఆఖరికి తాతా. నాకూ బొల్లి వచ్చింది కదా.”

“అది అంటుకోదని నిన్న అనకాపల్లి డాక్టరు సెప్పలేదేటే? ఒంటికి కాపలా కాసే టీ సెల్స్ పొరపాటున మన రంగునే శత్రువనుకుని కొడతన్నాయి, అంతే. ఒకలి నుంచి ఒకలికి రాదు.”

“మరి తబితత్తది అంటుకుంటాదా?”

ఎలియాజరు వరుస చివర నిలబడ్డ తబిత వైపు చూశాడు. తొంభై ఆరులో తబిత పెదవి పక్కన మచ్చ కనబడగానే, “గిన్నె ఒకటే కదమ్మా, అందరూ తాగేక నువ్వు తాగు” అని చెప్పింది సంఘపెద్దగా తనే. ఆ రోజు ఏ డాక్టరునీ అడగలేదు. పదకొండేళ్లుగా ఆమె మారుమాట లేకుండా చివరనే నిలబడుతోంది.

గిన్నెతో సహా వరుస చివరికి నడిచాడు. తలెత్తలేకపోయాడు.

“ముందు నువ్వు తాగమ్మా, తబితా.”

జనమంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. తబిత గిన్నె అందుకోలేదు. సుజిని దగ్గరికి పిలిచి తన ముందు నిలబెట్టుకుంది.

“ముందు పిల్లకియ్యండి మావయ్యా. ఆఖర్న నిలబడ్డం నాకైతే అలవాటైపోనాది. దానికి అలవాటు సెయ్యకండి.”