రక్తాల పొంతన

"ఈ బిడ్డా నిలిచేది కాదు. మా వోడికి ఇంకో పిల్లను చూస్తా" అని వెంకటశేషమ్మ నెల్లూరు లేడీ డాక్టరు ముందే తేల్చి చెప్పింది. ఎనిమిదో నెల కడుపుతో కోడలు మాలకొండమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె మొగుడు ఓబులేసు గోడకున్న కేలండరు చదువుతున్నాడు.

డాక్టరు సామ్రాజ్యం గారు ఓపిగ్గా మళ్ళీ చెప్పారు. కోడలిది నెగెటివ్ రక్తం, కొడుకుది పాజిటివ్. బిడ్డకు తండ్రి రక్తం వస్తే తల్లి రక్తానికి అది పడదు. మొదటి కాన్పుకు ఆ ముప్పు రాలేదు గనక పెద్దపిల్ల దక్కింది, తర్వాతి ఇద్దరూ పుట్టగానే ఒళ్ళు పచ్చబడి చనిపోయారు. ఈసారి ముందుగానే కాన్పు చేసి, పుట్టగానే బిడ్డ ఒంట్లో రక్తం మారిస్తే బతికే ఆశ ఉంది.

"నెగెటివ్ రక్తం నా దగ్గర లేదు. ఇచ్చే మనిషిని మీరే తెచ్చుకోవాలి. వచ్చే సోమవారం చేరండి" అన్నారు.

వెంకటశేషమ్మకు ఇందులో ఒక్క ముక్కే ఎక్కింది. జాతకాలు కుదిరాయి గానీ రక్తాలు కుదరలేదు, అంతే.

తమ ఊరు కొడవలూరు చేరాక మాలకొండమ్మ అందరి కాళ్ళావేళ్ళా పడింది. ఓబులేసు అమ్మనడగమన్నాడు. అమ్మేమో, పోయే బిడ్డ కోసం ఉన్నోళ్ళ నెత్తురు పొయ్యాల్నా అంది. బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టింటికి కబురు పెడితే, నెత్తురు తీస్తే మనిషి ఆరిపోతాడు, మా ఇంట్లో ఎవరి నెత్తురూ తియ్యనియ్యనని తండ్రి జయరామయ్య తిప్పి పంపాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా ఆ తల్లికి సంతోషం బదులు ఏడుపొచ్చేది. మూడు రోజులు ఏడుపుతోనే గడిచాయి.

నాలుగో రోజు కళ్ళు తుడుచుకుని తానే అత్త దగ్గరికి వెళ్ళింది.

"ఎవుర్నో తేవడం ఎందుకత్తా? మా చెల్లెలు చెంచమ్మను చేసుకోండి. నాకూ తోడుంటాది. కాకుంటే ఈసారి ముందే నెత్తురు పరీక్ష చేయించండి. మళ్ళీ నాలాంటిదే వస్తే మీకేం లాభం?"

వెంకటశేషమ్మ పొంగిపోయింది. ఇన్నాళ్ళకు కోడలికి బుద్ధొచ్చిందని ఊరంతా చెప్పుకుంది. రెండో పెళ్ళికి చట్టం ఒప్పదని ఓబులేసు నసిగితే, కొండ మీద గుళ్ళో తాళి కడితే ఏ చట్టమొచ్చి చూస్తుందని నోరు మూయించింది. సవతులైనా కూతుళ్ళిద్దరూ ఒకే ఇంట ఉంటారు, పరీక్షకు వేలి చివర ఒక్క చుక్కేగదా అని జయరామయ్య కూడా సరేనన్నాడు. సోమవారం కోడల్ని ఎటూ ఆస్పత్రిలో చేర్చాలి, చెంచమ్మనూ అక్కడికే పిలిపిస్తే ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయని అత్తే ఏర్పాటు చేసింది.

సోమవారం పొద్దున నొప్పులు తెప్పించారు. మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. దీపాలు పెట్టే వేళకే కళ్ళు పచ్చబడ్డాయి. వెంకటశేషమ్మ మొహం తిప్పుకుంది. చూస్తే మమకారం పుడుతుంది, పోయేవాడితో మమకారం దేనికని ఆమె గుండె రాయి చేసుకుంది. తలుపు పక్కన తల వంచుకుని నిలబడిన చెంచమ్మనే చూస్తూ కూర్చుంది.

సామ్రాజ్యం గారు చెంచమ్మ రక్తపరీక్ష కాగితం పట్టుకుని గబగబా వచ్చారు. "ఓ నెగెటివ్. అచ్చం అక్కదే" అన్నారు.

వెంకటశేషమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇదీ ఆ రకమేనా? అయితే మనకు పనికిరాదు. రా పాపా, మీ ఊరి బస్సెక్కిస్తా."

చెంచమ్మ కదిలింది. కదిలి వాకిలి వైపు పోలేదు. డాక్టరు చూపించిన మంచం మీద పడుకుని రవిక చెయ్యి పైకి లాక్కుంది.

పక్క మంచం మీది నుంచి మాలకొండమ్మ అత్త వైపు తిరిగింది. ఒంట్లో శక్తి లేదు గానీ మాట మాత్రం తొణకలేదు.

"ఒక కడుపున పుట్టినోళ్ళం, దానిదీ నా నెత్తురే అయి ఉంటాదని ఆశపడినా అత్తా. పొద్దున్నే దానికీ డాక్టరమ్మకూ చెప్పి పెట్టినా. నీకు కోడలు కావడానికి కాదు, నీ మనవడికి నెత్తురియ్యనే దాన్ని నీచేత పిలిపించినా."